పడవల వంతెన

వెనిస్, 3 నవంబరు 1978

తుల్లియోకి,

ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత నా చేతిరాత చూసి అన్నయ్యకి జబ్బు చేసిందనో, మనసు మెత్తబడిందనో అనుకోకు. నాకు డెబ్భై నిండాయి. పళ్లు సగం మిగిలాయి, కోపం మొత్తం మిగిలింది. కిటికీ బయట పొగమంచు, లోపల చేతికి పని లేదు. అందుకని రాస్తున్నాను.

నేను మన ఊళ్లో ఉన్నాను. ఊరు చూడ్డానికి వచ్చినవాడిలా పెట్టె పట్టుకుని, లాడ్జిలో దిగి. నవ్వుకో. ఇదంతా ఇర్మా పని. ఇర్మా అంటే నా భార్య, నువ్వు చూడలేదు. తూరిన్‌లో పెళ్లి చేసుకున్నాను. కొండల్లో పెరిగిన మనిషి, పడవ ఎక్కడం కూడా రాదు. ‘వెనిస్ చూపించు’ అని అడిగినప్పుడల్లా ఆ ఊళ్లో తేమ, అబద్ధాలూ తప్ప ఏమీ లేవని చెబుతూ వచ్చాను. మొన్న అక్టోబరులో రైలు టిక్కెట్లు తెచ్చి నా కాఫీ పక్కన పెట్టింది.

“ఎండాకాలం జనమంటావు, వసంతంలో దోమలంటావు. నవంబరుకి ఏ వంక పెడతావో చూస్తా” అంది.

వంక దొరకలేదు. ఈ సీజనులో ఎవరూ రారు. లాడ్జి మొత్తానికి మేమిద్దరమే. భోజనాల గదిలో కుర్చీలన్నీ కాళ్లు పైకి పెట్టుకుని బల్లల మీద బోర్లా పడుకున్నాయి. మా కోసం రెండే దించారు. లాడ్జి ఆవిడ జెల్మీరా పొద్దున్నే చెప్పుల చప్పుడు లేకుండా వచ్చి, రొట్టె పెట్టి, గుడిలో మాట్లాడినట్టు “పొగమంచు బాగుందా?” అని అడిగి పోతుంది. బాగుందని నేను చచ్చినా అనను. కానీ ఇర్మా అంటోంది.

ఈ ఊరి మీద అచ్చయిన పుస్తకాలు నేను చదివినన్ని ఎవరూ చదివి ఉండరు. ముప్పై ఏళ్లు నిఘంటువు ప్రూఫులు దిద్దిన కళ్లు నావి. ఆ నిఘంటువు ముందుమాటలో నౌకరు దాకా అందరికీ కృతజ్ఞతలు ఉన్నాయి, నా పేరు లేదు. అది వేరే గొడవ. చెప్పొచ్చేదేమిటంటే, ఇక్కడికొచ్చిన కవులంతా మే నెలలో వచ్చి జూన్‌లో పోయినవాళ్లు. నవంబరులో ఈ ఊరు ఎవరికీ తనను చూపించుకోదు. నిన్న నడుస్తుంటే వంతెన సగం దాకా కనిపించి మిగతా సగం లేదు. ఇర్మా ఆ లేని సగం మీదికి నడిచి వెళ్లిపోయింది. అవతలి నుంచి ఆమె నవ్వు వినిపించాక గానీ నా కాళ్లు కదల్లేదు.

నిన్న చనిపోయినవాళ్ల పండగ కదా, లాంచీ ఎక్కి శ్మశానం దీవికి వెళ్లాం. అమ్మ ఎముకలు ఇప్పుడు గోడలో గూట్లో ఉన్నాయి. గూటి ముందు తాజా చామంతులు. పక్క గూటివాళ్లవి జారి పడ్డాయనుకున్నాను.

అక్కడ నిలబడగానే మొత్తం గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం. నలభై ఏడు, అక్టోబరు ఇరవై ఎనిమిది. అమ్మ శవపెట్టెతో పడవ కాలవగట్టు దగ్గర గంటన్నర ఆగింది. నీ కోసం. పేటంతా గట్టు మీద నిలబడి నన్ను చూసింది. పడవవాడు “నీళ్లు దిగిపోతున్నాయి దొరా, ఇక ఆగితే బురదలో కూర్చుంటాం” అన్నాడు. బయల్దేరమన్నాను. వెనక్కి తిరిగి చూశాను. జనం పక్క వంతెన మీదుగా ముందుకి నడిచిపోయారు. గట్టు మీద పురుగు కూడా లేదు. నువ్వు రాలేదు. తర్వాత ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాలేదో చెప్పు. చెప్పి ఈ లెక్క ముగించు.

ఫోను వద్దు. ఫోనులో పోట్లాడితే మాట దిద్దుకోవడానికి ఉండదు. లాడ్జి పేరు కవరు మీద రాయకు, ‘స్వర్గద్వారం’ అట, సిగ్గుచేటు. నా పేరు రాసి, కాస్తెల్లో పేట, 780, వెనిస్ అని రాస్తే చాలు.

ఒరెస్తే

—

త్రియెస్తే, 7 నవంబరు 1978

అన్నయ్యా,

కవరు మీద నీ చేతిరాత చూసి చదవకుండానే ముందు బంగాళాదుంపలు పొయ్యి మీంచి దించాను. మాడిపోతాయని తెలుసు. నలభై ఏళ్లు ఓడల్లో వంట చేసినవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉంటుంది.

వదినని అడిగానని చెప్పు. పడవ ఎక్కేటప్పుడు కాళ్లు చూసుకోవద్దని, అవతలి గట్టు చూడమని చెప్పు. అమ్మ మనకి అలాగే నేర్పింది.

చామంతులు పక్క గూట్లోంచి జారినవి కావు. నేను పెట్టినవి. ఏటా ఒకటో తారీకున వస్తాను, ఆ రోజు జనం తక్కువ. నువ్వు రెండున వెళ్లావు. ఒక్క రోజు తేడాలో ఇద్దరం తప్పిపోయాం.

నేను వచ్చాను అన్నయ్యా. ఆ రోజూ వచ్చాను. రైలు వేళకే చేరింది, కానీ పొగమంచుకి లాంచీలు ఆపేశారు. స్టేషను నుంచి కాస్తెల్లో దాకా నడక. మంచులో మన ఊళ్లో నడవడమంటే నీకు చెప్పాలా? పుట్టిన ఊళ్లో మూడుసార్లు దారి తప్పి, తిరిగి తిరిగి అదే బావి దగ్గర తేలాను. గట్టు చేరేసరికి పడవ రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. పూలదండ కనిపించింది, నీ వీపు కనిపించింది. చెయ్యి పైకెత్తి అరిచాను. తిరిగి చూశానని రాశావు. మంచు అంత దట్టంగా ఉందేమో. నేను నమ్ముతాను.

ఆ రోజు ఎవరికీ మొహం చూపించలేక అదే రైల్లో వెనక్కి వచ్చేశాను. పదకొండు రోజులకి నీకు ఉత్తరం రాశాను. అమ్మ ఇల్లు వదిలి సాంత క్రోచె పేటలో గది తీసుకున్నావని ఎవరో చెప్పి నంబరు ఇచ్చారు. 2043. చూడు, ఇంకా గుర్తుంది. జరిగిందంతా రాశాను. ‘నామీద కోపం లేకపోతే ఇరవై ఒకటిన, పండగ రోజు, పడవల వంతెన మీదికి రా, ఇద్దరం కలిసి అమ్మ పేర కొవ్వొత్తి వెలిగిద్దాం’ అని రాశాను. ఏటా ఆ పండక్కి గుడికి పోవడానికని పెద్ద కాలవ మీద పడవలు వరసగా కట్టి వేస్తారే, ఆ వంతెన నడిమధ్య పొద్దున్నించీ నిలబడ్డాను. జనం కొవ్వొత్తులు పట్టుకుని నా రెండు వైపుల నుంచీ పాయలై పోయారు. సాయంత్రం కాపలావాడు వచ్చి, “ఏవయ్యా, నువ్వూ వంతెనతో పాటు కట్టిన మనిషివా?” అన్నాడు. నువ్వు రాలేదు.

కాబట్టి జవాబు రానిది నీకు కాదు, నాకు. కానీ లెక్క అంటావేంటి అన్నయ్యా, నేను లెక్కల్లో ఎప్పుడూ తప్పేవాడినే కదా.

తుల్లియో

—

వెనిస్, 12 నవంబరు 1978

తుల్లియోకి,

తొమ్మిది రోజులు. వెనిస్ నుంచి త్రియెస్తేకి నత్త పాకినా ఈపాటికి చేరి, తిరుగు ప్రయాణంలో ఉండేది. నీ మౌనం నాకు కొత్త కాదు. అప్పుడూ ఇంతే. ఈసారి మాత్రం నువ్వు నా మాట చదివావని నాకు తెలుసు, ఆ సంతోషం నాకు చాలు.

తెచ్చిన కాగితాలు అయిపోయాయి. ఇది లాడ్జి వాళ్ల కాగితం, పైన ఆ దరిద్రపు పేరు ఉంది, పట్టించుకోకు.

నిన్న పొద్దున సైరన్ మోగింది. సముద్రం పోటెక్కి నీళ్లు వస్తున్నాయని. ఇర్మా భయపడుతుందనుకున్నాను. జెల్మీరా దగ్గర రబ్బరు బూట్లు అడిగి తెచ్చుకుని, “పద పద, అవి పోకముందే” అంది. వరదని పెళ్లి ఊరేగింపులా చూసే మనిషిని నేను మొదటిసారి చూశాను. పెద్ద చౌకులో నీళ్లు ఎక్కడి నుంచీ రావు, తుల్లియో, మరిచిపోయావేమో. నేలలోంచే ఊరతాయి, బండల సందుల్లోంచి బుడగలు బుడగలుగా. కాసేపట్లో చౌకంతా అద్దం. చెక్క బల్లలు వేశారు, వాటి మీద మేమిద్దరం, ఒక పూజారి, అంతే. చౌకు చివర గుడి రెండయింది, పైన ఒకటి, కింద నీళ్లలో ఒకటి.

“ఇందులో ఏది నిజందో చెప్పు” అంది ఇర్మా.

“పైనదానికి టిక్కెట్టు కొనాలి” అన్నాను.

“అయితే కిందదే చూద్దాం” అని బల్ల మీద గొంతుక్కూర్చుంది. నీళ్లలో వేలు పెట్టింది. గుడి గోపురాలు వణికి, మెల్లగా మళ్లీ నిలబడ్డాయి. అరగంట అలాగే ఉన్నాం. పూజారి పాపం మమ్మల్ని దాటలేక మా వెనకే నిలబడ్డాడు.

నేను ఈ ఊరిని మూడు దశాబ్దాలు తిట్టాను. దిద్దాల్సినవి ఇప్పటికీ కనిపిస్తున్నాయి. చిత్రాల మ్యూజియంలో పలకల మీద అక్షర దోషాలు పదకొండు రాసుకుని కాపలా ఆవిడకి చూపించాను. “మీలాంటివాళ్లు ఎండాకాలంలో రోజుకొకరు వస్తారు, చలికాలంలోనైనా నిద్రపోనివ్వండి” అంది. అయినా ఈ మంచులో నడుస్తుంటే ఎవరి మీద కోపమో మధ్యలో మరిచిపోతున్నాను. సందు మలుపులో అమ్మ కనిపిస్తుందేమో అన్నట్టుంటుంది. ఎవరి వంటింట్లోనో ఉల్లిపాయ వేగుతున్న వాసన, ఎవరో కిటికీ మూస్తారు, చప్పుడు నీళ్ల మీంచి వచ్చి నా వెనక ఆగుతుంది.

నిన్న భోజనం దగ్గర ఇర్మా ఉన్నట్టుండి అడిగింది: “ఆ రోజు పడవలోంచి నిజంగా వెనక్కి తిరిగి చూశావా?”

“చూశాను” అన్నాను.

“ఎవరూ లేరా?”

“సూపు చల్లారుతోంది” అన్నాను.

పంతొమ్మిదిన మా రైలు. నీ దగ్గర్నుంచి ఏమీ రాదని తెలిసి, ఇదే ఆఖరి ఉత్తరం.

ఒరెస్తే

—

త్రియెస్తే, 15 నవంబరు 1978

అన్నయ్యా,

ఏడో తారీకునే రాశాను. నాలుగు కాగితాలు, రెండు వైపులా. అందలేదా? లేక నలభై ఏడులో నేను రాసినదానికి చేసినట్టే దీన్నీ పక్కన పడేశావా? ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కానీ నువ్వు కొట్టివేతలు భూతద్దంతో చదివే మనిషివి. అలాగే ఉంచాను.

ఒక సంగతి. నీ మొదటి ఉత్తరంలో నీ చేత్తో ‘కాస్తెల్లో, 780’ అని రాశావు. నేను అదే రాసి పంపాను. ఈ రెండో ఉత్తరం కాగితం మీద అచ్చులో ‘స్వర్గద్వారం, దొర్సొదూరో పేట, 780’ అని ఉంది. నీ చెయ్యి ఒక పేట అంటోంది, అచ్చు ఇంకో పేట అంటోంది. ఆరు పేటలకీ ఆరు వేరు వేరు నంబర్ల వరసలు ఉంటాయని నాకు నువ్వే నేర్పావు కదా, చిన్నప్పుడు. నువ్వు ప్రూఫులు దిద్దేవాడివి, నేను బంగాళాదుంపలు తరిగేవాణ్ణి, ఏది సరైనదో నువ్వే చెప్పాలి. నేను మాత్రం ఈసారి అచ్చునే నమ్మాను. ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

వదినకి చలి తగలకుండా చూడు.

తుల్లియో

—

వెనిస్, దొర్సొదూరో పేట, 780
(మూడుసార్లు చూసి రాశాను)
18 నవంబరు 1978

తమ్ముడూ,

నీ పదిహేనో తారీకు ఉత్తరం నిన్న పొద్దున అందింది. జెల్మీరా కాఫీతో పాటు తెచ్చింది. చదివి కప్పు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇర్మా నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. “లే. కోటు వేసుకో” అంది. కాస్తెల్లోకి నడిచాం.

కాస్తెల్లో 780లో పరుపులు కుట్టే ఆవిడ ఉంటుంది, పేరు నీవెస్. తలుపు తీస్తే ఇంటినిండా ఉన్ని. నా పేరు చెప్పగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మీరేనా ఆ మహానుభావుడు! వారం నుంచీ మీ ఉత్తరం నా అద్దంలో ఇరుక్కుని, తల దువ్వుకున్నప్పుడల్లా నన్ను చూస్తోంది.”

“పోస్టుమ్యాన్‌కి తిరిగి ఇచ్చేయొచ్చుగా?” అన్నాను.

“ఇవ్వకేం బాబూ. మర్నాడు మళ్లీ నాకే వేశాడు. నంబరు నీదే కదా అంటాడు.” కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసింది. “మీరు పుట్టింది ఈ పేటలోనే కదూ?”

“ఎలా తెలుసు?”

“బయటోళ్లయితే గోడ మీద చూసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాసుకుంటారు. తప్పు పోదు. ఈ జబ్బు ఇక్కడ పుట్టినోళ్లకే. మనిషి ఏ పేటకి మారినా చెయ్యి మాత్రం పుట్టిన పేటే రాస్తుంది. మా ఆయన పుట్టింది కన్నారెజోలో. పెళ్లయి నా ఇంటికొచ్చి ముప్పై ఏళ్లున్నాడా, పోయేదాకా కన్నారెజో అనే రాశాడు. మా కరెంటు కాగితాలు ఎవరింటికెళ్లేవో ఆ దేవుడికే తెలియాలి.”

ఇర్మా పగలబడి నవ్వింది. ఆ ఉన్ని మధ్య ఇద్దరు ఆడవాళ్లూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంటే, ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు పట్టిన మనిషి గోడకానుకుని నిలబడ్డాడు.

నీ ఏడో తారీకు ఉత్తరం అక్కడే, నిలబడే చదివాను. 2043 దగ్గరికి రాగానే నాకు అర్థమైంది. నువ్వూ ఈ పేటలోనే పుట్టావు. నీ చేతికీ అదే జబ్బు. నేను ఉన్నది సాంత క్రోచె 2043లో. నువ్వు ఏ పేట రాసి ఉంటావో ఇంక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“కాస్తెల్లో 2043 ఎక్కడ?” అని నీవెస్‌ని అడిగాను. ఆమె సూది పరుపుకి గుచ్చేసి, శాలువా కప్పుకుని మాతో వచ్చింది.

తమ్ముడూ, అక్కడ ఇల్లు లేదు. గోడ ఉంది, గోడలో తలుపు ఉంది, తలుపు మీద నంబరు ఉంది, ఉత్తరాలు వేసే ఇత్తడి చీలిక ఉంది. చీలికలోంచి చూస్తే కప్పు లేని చోట అత్తి చెట్టు. ఇల్లు యుద్ధానికి ముందే కూలిపోయిందట. “తలుపుంది, నంబరుంది, చీలికుంది. పోస్టుమ్యాన్‌కి ఇంకేం కావాలి?” అంది నీవెస్. నీ ఉత్తరం ఆ చీలికలోంచి లోపలికి పడి, ఆ చలికాలమే నాని, మట్టి అయి ఉంటుంది. చెట్టు చాలా పెద్దది. ఇర్మా మోచేతి దాకా చెయ్యి చీలికలో పెట్టి, ఒక ఆకు పట్టుకుని తీసింది. పసుపచ్చది. “ఇదిగో, మీ తమ్ముడి ఉత్తరం” అంది. దాన్ని ఇందులో పెడుతున్నాను. ఇంతకు మించిన రుజువు లేదు. నేను అచ్చులో లేనిది ఒక్క ముక్క నమ్మి ఎరగను, నీకు తెలుసు. ఇది నమ్ముతున్నాను.

అయితే ఇక్కడితో ఆపితే ఇదంతా పోస్టుమ్యాన్ తప్పయిపోతుంది. అది న్యాయం కాదు. ఈ రెండు వారాలూ అందరి తప్పులూ ఏరాను, ఒకటి మిగిలింది. లాడ్జికి తిరిగి వచ్చేటప్పుడు లాంచీ వెనక బల్ల మీద కూర్చుని ఇర్మాకి చెప్పాను. ఇప్పుడు నీకు.

ఆ రోజు నేను వెనక్కి తిరిగి చూశాను. గట్టు మీద ఎవరూ లేరని రాశాను. అది అబద్ధం. ఒక మనిషి ఉన్నాడు. మంచులో ఆకారం అంతే, టోపీ, పైకెత్తిన చెయ్యి. అరుపు వినపడలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. చెయ్యి మాత్రం చూశాను. పడవవాడు కూడా చూశాడు. తెడ్డు ఆపి, “ఎవరో పిలుస్తున్నారు దొరా” అన్నాడు. గంటన్నర నేను పేటంతా చూస్తుండగా నిలబడ్డాను తుల్లియో. నువ్వు రాలేదన్న మాట అప్పటికే అందరికీ చెప్పేశాను. అది నిజమై ఉండాలని నాకు కావలసి వచ్చింది. “ఎవరూ కాదు, పోనీ” అన్నాను.

పడవ తిప్పడానికి నాలుగు తెడ్డు వేట్లు చాలు. నలభై ఏడు నుంచీ ఈ రోజు దాకా నీ మీద పెంచుకున్న కోపమంతా ఆ నాలుగు వేట్లని కప్పిపెట్టడానికే. నువ్వు నన్ను నమ్ముతానని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం నన్ను పడుకోనివ్వలేదు.

ఇర్మా అంతా వింది. నన్ను తిడుతుందనుకున్నాను. సంచీలోంచి మా తిరుగు టిక్కెట్లు తీసి చింపి, ముక్కలు మళ్లీ సంచీలోనే వేసుకుంది. “కాలవలో వేస్తే ఈ ఊరివాళ్లు అరుస్తారు” అంది. తర్వాత, “ఇరవై ఒకటి మంగళవారం” అంది.

వంతెన కట్టడం నిన్న మొదలెట్టారు. మా కిటికీలోంచి కనిపించదు, కానీ సుత్తి దెబ్బలు నీళ్ల మీంచి వస్తున్నాయి. మంగళవారం పొద్దున్నించీ దాని నడిమధ్య నిలబడతాను. చేతిలో కొవ్వొత్తి ఉంటుంది. నువ్వు రావాలని అడిగే హక్కు నాకు లేదు. రాకపోతే అది సరైన జవాబే. అయినా సాయంత్రం దాకా నిలబడతాను. కాపలావాడు వచ్చి ఏమంటే అది పడతాను. నీళ్లు దిగిపోతే దిగిపోనీ.

నీ అన్న,
ఒరెస్తే

—

త్రియెస్తే, 20 నవంబరు 1978, సోమవారం పొద్దున

అన్నయ్యా,

ఆకు విరక్కుండా చేరింది. చదివాను. రెండోసారి చదవలేదు, కవర్లో పెట్టేశాను.

కోపం రాలేదని అంటే అది నా అబద్ధమవుతుంది. వచ్చింది. ఇవాళ పొద్దున వంటింట్లో ఒక గిన్నె నా చేతిలో పగిలింది. ‘ఎవరూ కాదు’ అన్నావు. ముప్పై ఒక్క ఏళ్లు నేను మంచుని తిట్టుకున్నాను, పాపం అది ఏ పాపం ఎరగదు. తర్వాత కింద మంగలి దగ్గరికి వెళ్లి గడ్డం గీయించుకున్నాను. “ఎక్కడికి తుల్లియో, పెళ్లికా?” అన్నాడు. “పడవ అందుకోవడానికి” అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది, నేను అనుకోలేదు.

రేపు తొలి రైలుకి వస్తున్నాను. ఈ ఉత్తరం నా తర్వాత చేరుతుంది, అయినా రాస్తున్నాను. ఈసారి నా జవాబు కాగితం మీద ఉండాలి, నీ చేతికి అందాలి. నువ్వు అచ్చు మనిషివి. దొర్సొదూరో అని అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను. చెయ్యి మాత్రం ‘కా’ అక్షరం దగ్గరికి పోబోయింది, వెనక్కి లాగాను.

పొగబెట్టిన పొట్టేలు మాంసం సంచీలో పెట్టాను. జెల్మీరా గారిని పెద్ద గిన్నె, ఒక క్యాబేజీ అడిగి ఉంచు. అమ్మ పండక్కి చేసే పులుసు వదినకి నేనే వండిపెడతాను, నువ్వు దగ్గరికి రావద్దు, ఉప్పు గురించి మాట్లాడతావు. ఇంకో కుర్చీ దించమని కూడా చెప్పు.

స్టేషను నుంచి నడిచే వస్తాను. మంచు ఉంటే ఆలస్యమవుతుంది, దారి తప్పుతానేమో కూడా. నువ్వు నడిమధ్య ఉంటావుగా. దూరం నుంచి చెయ్యి పైకెత్తుతాను. ఈసారి ఎవరూ ఏదీ తిప్పక్కర్లేదు అన్నయ్యా. ఆ వంతెన కింద పడవలన్నీ కట్టేసే ఉంటాయి.

తుల్లియో